మగ్గం గుంతలో పూసినవి

ఆదోనిలో ఆర్కిడ్లు బతకవని నాతో మొట్టమొదట చెప్పింది మా కాలేజీ బాటనీ సారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. పాఠం బాగా చెబుతారు, పిల్లల మీద చెయ్యెత్తరు. ఆ మాట కూడా నన్ను ఉద్దేశించి అనలేదు. ఎవరో అమ్మాయి అడిగిన దానికి జవాబుగా అన్నారు. అయినా అది వచ్చి నాకే తగిలింది.

నేను ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. బీకర్లు కడగడం, స్లైడ్లు సర్దడం, ప్రాక్టికల్స్ రోజున ఏ బల్ల మీద ఏది ఉండాలో చూసి పెట్టడం నా పని. మా అద్దాల బీరువాలో ఫార్మలిన్ సీసా ఒకటుండేది. అందులో వాండా అనే ఆర్కిడ్ వేరు ముక్క. ‘వృక్షోపజీవి – వెలమిన్ వేరు’ అని చీటీ రాసి అంటించింది నేనే. చెట్టు కొమ్మను పట్టుకుని, మట్టితో పని లేకుండా, గాలిలో తడిని వేళ్లతో పీల్చుకుని బతికే మొక్క అని సారు ప్రతి ఏడూ చెప్పేవారు. ప్రతి ఏడూ నేను ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, గంట కొట్టగానే మళ్లీ బీరువాలో పెట్టేదాన్ని. ఏళ్ల తరబడి నానిన ఆ వేరు ఉడికిన సేమ్యాలాగా తెల్లబడిపోయింది.

ఆ రోజు వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, “సార్, ఇది పానంతో ఉంటే ఎట్లుంటాది సార్?” అని అడిగింది.

“మన ఆదోనిలో బతకదులేమ్మా. రికార్డులో బొమ్మ వేసుకో, చాలు.”

ఆ అమ్మాయి కూర్చుంది. నేను సింకు దగ్గర టెస్ట్ ట్యూబులు కడుగుతున్నాను. ప్రాణమున్న ఆర్కిడ్‌ను ఆమె చూడలేదు, నేనూ చూడలేదు, సారూ పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. చూడని మొక్క మన ఊళ్లో బతకదని ఇంత ధీమాగా ఎలా చెబుతారు? పెంచి చూశారా? చంపి చూశారా? నోటి దాకా వచ్చిన మాటను ట్యూబులతో పాటు కడిగేసుకున్నాను. కానీ అది పోలేదు.

కొన్ని వారాలకు రంపపు పొట్టు కోసం ఊరి బయట టింబరు డిపోకు వెళ్లాను. గాజు సామాను సర్దే పెట్టెల అడుగున పరచడానికి పొట్టు కావాలి. అప్పుడే కర్ణాటకలోని మలెనాడు అడవుల వైపు నుంచి వచ్చిన లారీ దుంగలు దింపి ఉంది. ఒక పెద్దాయన దుంగల మీద బెరడు చెక్కి పక్కకు పారేస్తున్నాడు. ఆ కుప్పలో అరచేయంత బెరడు ముక్క నా కంట పడింది. దాని మీద పెసరగింజలంత పచ్చటి గడ్డలు, దారానికి గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. ఒక్కో గడ్డకు ఒక్కో ఆకు, అదీ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. చాలా వరకు ముడతలు పడి వాడిపోయాయి. మూడో నాలుగో ఇంకా గట్టిగా ఉన్నాయి.

“అది బదనిక మేడం. చెట్టును పీల్చి తింటాది. కాల్చేయాల దాన్ని” అన్నాడు పెద్దాయన.

“నాకిస్తావా అన్నా?”

“పొయ్యిలోకా?”

“కాదు, పెంచుకోడానికి.”

ఆయన గొడ్డలి కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. “బదనికను యెవురన్నా పెంచుకుంటారా తల్లీ? ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటారా?”

“వాళ్లను అడిగితే కదా” అని బెరడు ముక్కను కొంగులో చుట్టుకున్నాను.

మరునాడు ల్యాబ్‌లో ఒక ఎండిన వేరును బ్లేడుతో లేపి లెన్సు కింద చూశాను. వేరు బెరడు పైపైనే పాకింది. లోపలికి గుచ్చుకున్న జాడ ఎక్కడా లేదు. అసలు బదనిక అలా కాదు, చెట్టు ఒంట్లోకి వేరు దింపి దాని రసం తాగుతుంది. ఇది కొమ్మ మీద చోటు అడిగింది, అంతే. సారుకు చూపిస్తే ఆయన అద్దాలు పైకి తోసుకుని, “పాపం, దారిలో వచ్చిన తడి ఉన్నంతసేపు ఉంటుంది. ఎండాకాలం దాకా చూడు” అన్నారు. సరే, చూద్దాం అనుకున్నాను.

మొదటి నెలలోనే నేను దాన్ని దాదాపు చంపేశాను. బాత్రూం కిటికీ దగ్గర వేలాడదీసి బోరు నీళ్లు చల్లేదాన్ని. మా బోరు నీళ్ల సంగతి ఆదోని వాళ్లకు చెప్పక్కర్లేదు. కుక్కరు అడుగున తెల్లటి పొర కడుతుంది, బకెట్టు అంచున గరుకు తేలుతుంది. పదిహేను రోజుల్లో బెరడు మీద కూడా అదే తెల్లటి పొర వచ్చింది. కొత్తగా వచ్చిన వేరు కొనలు నల్లబడ్డాయి.

అప్పుడు ఫోనులో ఆర్కిడ్లు పెంచేవాళ్ల గ్రూపు ఒకదాన్ని పట్టుకున్నాను. ఫొటో పెడితే, ఇది బల్బోఫిల్లం జాతి, ఆర్కిడ్లలో మరుగుజ్జు రకాలు ఇలా వందలు ఉన్నాయి అన్నారు. బియ్యపు గింజంత పువ్వులు, ఆవగింజంత పువ్వులు, అంగుళంలో పూర్తిగా ఇమిడే మొక్కలు. చూస్తూ ఉంటే నాకు తిండి మీద ధ్యాస పోయింది. ఇంతలో ఎవరో, “మీది ఏ ఊరు మేడం?” అని అడిగారు. ఆదోని అన్నాను. “అక్కడ కాక్టస్ పెంచుకోండి, హాయిగా ఉంటారు” అని నవ్వే బొమ్మలు నాలుగు పెట్టారు. వాటి కింద ఇంకో పది మంది నవ్వారు.

నవ్విన వాళ్లకు నేను జవాబివ్వలేదు. నీళ్ల గురించి అడిగాను. మంగళూరు నుంచి ఒకామె కన్నడలో మాట రికార్డు చేసి పంపింది. కర్ణాటక సరిహద్దులో హొళగుంద పక్కన పుట్టినదాన్ని, కన్నడ నాకు కొత్త కాదు. నీ మొక్కను చంపేది ఎండ కాదమ్మా, నీ నీళ్లలో ఉప్పు అని చెప్పిందామె. వాన నీళ్లు పట్టుకో, అవి లేనప్పుడు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకో అంది.

మా ఊళ్లో వాన ఎప్పుడు పడుతుందో వానకే తెలియదు. కానీ ఏసీలకు కొదవ లేదు. బజారులో పెద్ద బట్టల అంగడి పక్క సందులో ఏసీ గొట్టం నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారి మోరీలో పోతుంటాయి. మధ్యాహ్నం భోజనం గంటలో వెళ్లి దాని కింద క్యాను పెట్టి నిలబడ్డాను. అంగడి ఓనరు బయటికొచ్చాడు.

“యేందమ్మా, తాగేకా?”

“కాదన్నా, మొక్కలకు.”

“మీ ఇంట్లో కొళాయి లేదా?”

“ఉంది. ఆ నీళ్లు నా మొక్కలకు పడవు.”

“ఓహో, నవాబు మొక్కలా!” అని ఆయన పకపకా నవ్వి లోపలికి పోయాడు. లోపల చీరలు చూసే ఆడవాళ్లకు కూడా చెప్పినట్టున్నాడు, గాజు తలుపు వెనక తలలు కదిలాయి. క్యాను నిండేదాకా నేను కదల్లేదు. తర్వాత రోజూ వెళ్లాను. వారం గడిచాక నవ్వడం మానేశారు.

బెరడు మొక్క నిలదొక్కుకుంది. ధైర్యం వచ్చి ఇంకొన్ని రకాలు తెప్పించాను. తడి నాచులో చుట్టి అగ్గిపెట్టెంత డబ్బాల్లో వచ్చేవి. వాటిని చెక్క ముక్కలకు చేపల వల దారంతో కట్టి, పనికిరాని చేపల గాజు తొట్టిలో వేలాడదీశాను. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసే మా ఆయన పాత కంప్యూటరు ఫ్యాను ఒకటి తెచ్చి తొట్టికి బిగించి ఇచ్చాడు. ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. “నీ ఇష్టం” అన్నది ఆయన నోట వచ్చే పెద్ద ప్రోత్సాహం.

ఎన్ని చచ్చాయో నేను దాచను. ఒకటి చీమల పాలైంది. ఒకటి నాచు మరీ దట్టంగా కట్టడంతో వేరు కుళ్లి పోయింది. మే నెలలో కరెంటు లేని ఒక మధ్యాహ్నం, నేను కాలేజీలో ఉండగా, మూడు మొక్కలు తొట్టిలోనే ఉడికిపోయాయి. చచ్చినవాటి చెక్కలను నేను పారేయలేదు. పేరు చీటీతో సహా గోడకు మేకు కొట్టి తగిలించాను. చూసిన వాళ్లు చూడనీ. నేను ఎక్కడ తప్పు చేశానో నాకు రోజూ కనిపించాలి.

రెండో ఏడు శ్రావణంలో బెరడు మొక్క మొగ్గ తొడిగింది. సూదిలాంటి కాడ చివర గోధుమగింజంత పువ్వు, ముదురు ఎరుపు, పసుపు చారలు. దాని పెదవిలాంటి రేక గాలి తగిలితే ఊగుతుంది. నేను దాన్ని టిఫిను డబ్బాలో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లి మైక్రోస్కోపు పక్కన నిలబెట్టాను. పిల్లలు ఎగబడ్డారు. ముందు వరసలో వంగిన అమ్మాయి ముక్కు మూసుకుని వెనక్కి దూకింది.

“మేడం! సచ్చిన చేప వాసన వస్తాంది!”

నిజమే. ఈ జాతిలో కొన్ని ఈగలను పిలవడానికి అలా కంపు కొడతాయి. చెబుతుండగానే కిటికీలోంచి ఒక ఈగ వచ్చి పువ్వు మీద వాలింది. క్లాసంతా ఒకటే గోల. సారు వచ్చి, లెన్సు తీసుకుని చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారేమో అని నిలబడ్డాను.

“ఒకటి పూసినంత మాత్రాన మన వాతావరణానికి పనికొస్తుందని కాదు కదమ్మా” అన్నారు.

“నేను వాతావరణం సంగతి చెప్పలేదు సార్. నా ఇంట్లో పూసిందని చెప్తాండా” అన్నాను. ఇన్నేళ్లలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన కోపగించుకోలేదు, లెన్సు నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆ ఏడు రికార్డుల్లో కొందరు పిల్లలు ఈగను కూడా గీశారు.

కాలేజీలో నెగ్గాను గానీ ఇంటి దగ్గర నెగ్గలేదు. మేముండేది అద్దె పోర్షను. ఇంటావిడకు నా మొక్కలంటే మొదటి నుంచీ గిట్టదు. ఆమె వాదన ఒక రకంగా సబబే. “జడలో పెట్టుకునేకి రాదు, దేవునికి ఎక్కదు, కూరకు పనికి రాదు. మల్ల యెందుకు ఆ పువ్వు?” అనేది. “పూసేదానికక్కా” అంటే ఆమెకు ఒళ్లు మండేది. దానికి తోడు ఎవరో అది బదనికేనని, ఇంట్లో ఉంటే ఇంటివాళ్ల ఒంట్లో సత్తువ పీల్చేస్తుందని చెప్పారు. అప్పుడే ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. నేను లెన్సు తీసుకుపోయి వేరు చూపించాను. ఆమె చూడలేదు. “నాకు అద్దాలు సూపియ్యొద్దు” అంది.

మరుసటి ఏప్రిల్‌లో ఒక రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి మిద్దె మీద నేను కట్టిన నీడవల తీసి చుట్టి మూల పెట్టి ఉంది. వాన నీళ్ల డ్రమ్ములు రెండూ బోర్లించి ఉన్నాయి. దోమలు చేరుతున్నాయని ఇంటావిడ ఒలకబోసిందట. మూతులకు గుడ్డ కట్టిన డ్రమ్ముల్లోకి దోమ ఎలా వస్తుంది? ఏసీ నీళ్లు చాలక పట్టి దాచుకున్న ఆ నీళ్లు పోయిన ఏడాది వానలవి, ఎండాకాలమంతా గడవాల్సినవి. తడిసిన నేల మీద నిలబడితే కాళ్లు కాలాయి. అప్పటికే ఆ నేల ఆరిపోతోంది.

ఏడవలేదు. మరునాడు సెలవు పెట్టి, మొక్కలన్నీ తడి గుడ్డల మధ్య తొట్టిలోనే సర్దుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, తొట్టిని ఒళ్లో పెట్టుకున్నాను.

కండక్టరు వచ్చి, “యేందమ్మా, చేపల తొట్టా? నీళ్లు కారితే నేను ఊరుకోను” అన్నాడు.

“చేపలు లేవన్నా, మొక్కలు.”

ఆయన వంగి చూశాడు. “మొక్కలా? యాడ? నాకు చెక్కలే కనపడతాండాయి.”

“కనపడకపోతే సీటు కూడా తీసుకోలేదు కదా. టిక్కెట్టు నాకొక్కదానికే కొట్టు.”

పక్కన పచ్చిమిరపకాయల సంచీతో కూర్చున్న ఆమె గట్టిగా నవ్వింది. గతుకులు వచ్చినప్పుడల్లా తొట్టి రెండో అంచు తనే పట్టుకుంది. ఎక్కడికి, ఎందుకని అడగలేదు. ఎమ్మిగనూరులో దిగేటప్పుడు మాత్రం, “బతికిచ్చుకో” అంది.

ఎమ్మిగనూరులో మా అత్తగారిల్లు. అత్త నలభై ఏళ్లు గుంత మగ్గం మీద చీరలు నేసిన మనిషి. మోకాళ్లు పోయి, కంటిచూపు మందగించి మగ్గం ఆపేసింది. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దింపి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. మగ్గం ఆగినా గుంత అలాగే ఉంది, గుంజలూ అలాగే ఉన్నాయి. పాత మట్టి మిద్దె, మూరెడు మందం గోడలు, పైన గవాచి లోంచి పడే వెలుతురు.

“యేం తెచ్చినావుమే ఆ పెట్టెలో?” అంది అత్త.

చెప్పాను. ఇంటావిడ చేసిందీ చెప్పాను. ఎండాకాలం పోయేదాకా గాలిలో తడి ఉండే చోటు కావాలన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి నా తెలివితక్కువతనం మీద. “ఇన్నాళ్లు ఆ ఫోనును అడుక్కుంటా కూసున్యావు. నన్ను అడగాలని తోచలేదా? గాలి యెండితే పడుగు దారం పుటుక్కున తెగుతాది. మేం నేసేటోళ్లం తడి లేకుండా యెట్ల నేసినామనుకున్యావు?”

ఆ మధ్యాహ్నమే పాఠం మొదలైంది. పొద్దెక్కకముందే పడమటి కిటికీ మూసేయాలి. గుంత గోడలకు నీళ్లు కొట్టాలి, అడుగున ఇసుక పోసి తడపాలి. తడి గోనెపట్ట గుమ్మానికి కట్టాలి, అయితే కింద జానెడు సందు వదలాలి. సందు ఎందుకని అడిగాను. “గాలి ఆడకపోతే గంజి పెట్టిన పడుగు బూజు పడతాది. నీ మొక్కకూ అంతే కదా” అంది. నా మొక్క ఒకటి నాచులో ఊపిరాడక కుళ్లిందని ఆమెకు నేను చెప్పనే లేదు.

చెక్కలన్నీ మగ్గం గుంజలకు, గుంత మీదుగా అడ్డంగా కట్టిన కర్రకు వేలాడదీశాను. చాలని వెలుతురుకు ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టాను. ఆ వేసవిలో బయట ఇనుప గేటు పట్టుకుంటే చెయ్యి కాలేది. గుంత అంచున కూర్చుంటే మోకాళ్ల కింద చల్లగా ఉండేది. నేను ప్రతి ఆదివారం ఏసీ నీళ్ల క్యానుతో వచ్చేదాన్ని, మిగతా రోజులు అత్తే చూసేది. ఆమెకు అంత చిన్న మొక్కలు కంటికి ఆనవు. వేళ్లతో చూసేది. దారం సన్నమో ముతకో తడిమి చెప్పిన వేళ్లు అవి. ఒక రోజు ప్రాక్టికల్స్ నడుస్తుండగా ఫోను చేసింది.

“మే, ఆ కిటికీ పక్క దానికి కొత్త యేరు వచ్చిందిమే. కొన మెత్తగుండాది.”

ఆదివారం వెళ్లి లెన్సు పెట్టి వెతికితే గానీ నాకు అది కనిపించలేదు.

ఎండాకాలం పోయినా వాటిని మళ్లీ ఆదోనికి తీసుకుపోలేదు, మూడేళ్లు ఇలాగే జరిగింది. మొక్కలు గుంపులు కట్టాయి. మగ్గం గుంజ మీదికే ఒకటి వేళ్లు పాకించుకుంది, తీయడానికి రాకుండా.

అప్పుడొచ్చింది మా మరిది సంగతి. అతను అదే ఇంట్లో ఉంటాడు. జిరాక్సు, ఆన్‌లైను పనుల అంగడి పెట్టాలని ఎప్పటి నుంచో అతని కోరిక. ఒక ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి ఇంటి ముందు ట్రాక్టరు మొరం కుమ్మరిస్తోంది. పారలు, తట్టలతో ఇద్దరు కూలీలు నిలబడి ఉన్నారు.

“వదినా, మంచి టయానికి వచ్చినావు” అన్నాడు. “ఆ చెక్కలు తీసి యాడన్నా పెట్టుకో. ఈ పొద్దు గుంత పూడుస్తాండాం. టైల్సు ఏపించి అంగడి పెడతా.”

అత్త వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. “అత్తా, నీకు తెల్సా?” అన్నాను.

“నన్నెవరు అడిగినారుమే” అంది.

నేను మరిదితో మంచిగానే చెప్పాను. అంగడి వసారాలో పెట్టుకోవచ్చు కదప్పా, వీధి వైపు అదే ఉంది కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. అరవలేదు. గొంతు తగ్గించి చెప్పాడు.

“నీకు తెల్దు వదినా. మా నాయన నడుము ఈ గుంతలోనే పోయింది. అమ్మ మోకాళ్లు ఈడనే పోయినాయి. నా సిన్నప్పుడు ఆటకు పోతానంటే ఈ గుంత పక్కన కూసోబెట్టి దారం సుట్టిచ్చినారు. నీకు ఇది సల్లగా ఉండే జాగా. నాకు మా ఇంటోళ్లను తినిన జాగా. పూడిస్తే గానీ నాకు నిద్ర పట్టదు.”

అతను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా తట్ట ఎత్తిన కూలీ గుమ్మం దాటుతుంటే నా కాళ్లు ఆగలేదు. లోపలికి పోయి గుంతలోకి దిగి కూర్చున్నాను. నా తల నేల మట్టానికి కొంచెం పైకి వచ్చింది. తల మీద చెక్కలు ఊగుతున్నాయి.

“లేయ్ వదినా. నలుగురు సూస్తాండారు.”

“సూడనీ. పోసేదైతే నా మీదనే పొయ్యి.”

“మొక్కల కోసమా? వేలెడంత లేని మొక్కల కోసమా ఇంత?”

“అవును. వాటి కోసమే.”

కూలీలు తట్టలు దించి, బీడీ ముట్టించుకోడానికి బయటికి పోయారు. మరిది మా ఆయనకు ఫోను చేసి, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాడు. “అన్నా, వదిన గుంతలో కూసుండాది. నువ్వన్నా సెప్పు.”

అటు నుంచి మిల్లు రొద వినబడింది. తర్వాత మా ఆయన, “కూసుండాదా? అయితే లేయదు. నాకు తెల్సు. నువ్వే ఆ ట్రాక్టరును పంపించెయ్” అన్నాడు.

అప్పుడు అత్త లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, నేతకు కూర్చునే పలక మీద కూర్చుంది. రెండు కాళ్లూ చేతులతో ఎత్తి ఒకటి తర్వాత ఒకటి గుంతలోకి దింపింది. ఆమె పాదాలు నా మోకాలికి తగిలాయి.

“నువ్వు సెప్పింది నిజమే రా” అంది కొడుకుతో. “మీ నాయనను తినింది, నన్ను తినింది. నిన్ను సదివిచ్చింది కూడా ఇదే. నా కాళ్లు ఈడనే అరిగినాయి. దీన్ని పూడ్చాలా వొద్దా అనేది నేను సెప్పాల, నువ్వు కాదు. నేను వొద్దంటాండా. అంగడి వసారాలో పెట్టుకో పో.”

అతను గుమ్మానికి కట్టిన గోనెపట్ట లాగి పడేసి బయటికి వెళ్లాడు. ట్రాక్టరు వెళ్లిపోయిన చప్పుడు విన్నాక గానీ మేమిద్దరం కదల్లేదు. అత్తను పైకి లేపడానికి పక్కింటి వాళ్లను పిలవాల్సి వచ్చింది. లేస్తూ, “ఆ గోనెపట్ట మళ్లీ కట్టుమే, యెండ వస్తాంది” అంది.

ఆ తర్వాత అతను ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. మొరం కుప్ప వానల దాకా ఇంటి ముందే ఉండి, కొంత కొట్టుకుపోయి, మిగిలింది వీధి గుంతల్లోకి పోయింది. అంగడి వసారాలో పెట్టాడు, బాగానే నడుస్తోంది. ఆధార్ కాగితాల కోసం వచ్చేవాళ్లు లోపలికి తొంగి చూసి అదేమిటని అడిగితే, “మా వదిన పిచ్చి” అని చెబుతాడట. ఈ మధ్య మాటలు మొదలయ్యాయి. అమ్మ తర్వాత పూడుస్తానని నా ముఖం మీదే అన్నాడు. నేను వద్దనలేదు, సరేననలేదు. అప్పటి సంగతి అప్పుడు తేల్చుకుంటాం.

ఈ ఏడు అదే వీధిలో ఉండే ఒక నేతగత్తె నా దగ్గరికి వచ్చింది. ఆమెకు నా వయసే. ఆ వీధిలో ఇంకా ఆడే కొద్ది మగ్గాల్లో ఆమెది ఒకటి. జిరాక్సుకు వచ్చి, లోపల అత్తతో మాట్లాడుతూ పూసిన దాన్ని చూసిందట.

“నాకూ ఒకటి ఇస్తావాక్కా? నా మగ్గం గుంజకు కట్టుకుంటా. పొద్దంతా దారాన్నే సూసి సూసి కండ్లు లాగుతాండాయి” అంది.

అప్పటిదాకా నేను ఒక్క మొక్కనూ విడదీసి ఎవరికీ ఇవ్వలేదు. బ్లేడు నిప్పు మీద కాల్చి, నాలుగు గడ్డలు ఉండేలా తీగను కోసి, చింతకొమ్మ ముక్కకు కట్టి ఇచ్చాను. నీళ్ల సంగతి పదిసార్లు చెప్పాను.

రెండు నెలల తర్వాత ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. దారం లాగే నాడె అటూ ఇటూ ఆడుతోంది, ఆమె ఆపలేదు. మొక్క గుంజకే ఉంది. గడ్డలు నాలుగూ గోధుమరంగు తిరిగి ఎండిపోయాయి. ఆమె నా ముఖం చూడకుండానే చెప్పింది. పెండ్లికని నాలుగు రోజులు ఊరికి పోయానని, చూడమని చెప్పిన ఆడబిడ్డ బోరు నీళ్లు కొట్టిందని.

“మా ఆయన అప్పుడే సెప్పినాడు, మన కొంపలో ఇట్లాంటివి బతకవని” అంది.



“మీ ఆయన యెన్ని పెంచినాడు?”

నాడె ఆగింది. ఆమె తలెత్తి చూసి, ముందు చిన్నగా, తర్వాత పైకే నవ్వింది.

“ఒకటీ లేదు” అంది.

“నేను చంపినన్ని నువ్వు ఇంకా చంపలేదు. మగ్గం మీంచి లేచి రా నాతో” అన్నాను.

అత్తగారింటికి ఇద్దరం నడిచాం. వసారాలో మరిది ఎవరిదో కాగితం మిషనులో పెడుతూ మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. లోపల అన్నిటికన్నా బాగా గుంపు కట్టిన చెక్కను కర్ర మీంచి దించాను. అత్త వేళ్లతో తడిమి, ఎక్కడ కోయాలో గోరు పెట్టి చూపించింది.